మా తోడికోడలి పరుగు

మొన్న శుక్రవారం పొద్దున హిందూపురంలో నేను కాఫీ కలుపుతుండగా ఫోన్ మోగింది. "చిన్నమ్మా, మాయమ్మ పోయింది," అంది ధర్మవరం నుంచి అక్క కూతురు. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. ఫోన్ పెట్టేసి కాఫీ తాగాను. ఏడుపు రాలేదు. ఆమె కోసం ఏడ్చే అర్హత నాకు ఉందో లేదో ఇప్పటికీ తెలియదు.

బాపట్ల అవతల సముద్రపు ఒడ్డు ఊరు ఆమెది. పెనుకొండలో మా అత్తగారింటికి నాకంటే ఆరేళ్లు ముందు వచ్చింది. తొంభైల మొదట్లో నేను కాపురానికి వచ్చేసరికే ఇంట్లో అందరూ ఆమెను పిచ్చిది అనేవాళ్లు. గాలి లేచి మబ్బు కమ్మితే ఆమె కాళ్లు నిలిచేవి కావు. చేతిలో పని వదిలేసి, కుచ్చిళ్లు ఎగదోపి, కొండ కింది దారిన పరుగు తీసేది. ముద్దగా తడిసి నవ్వుకుంటూ తిరిగొచ్చేది. "తడిస్తే ఆరిపోతాం, దీనికింత గొడవెందుకే అమ్మాయ్," అనేది నాతో. రేడియోలో బంగాళాఖాతం అన్న మాట వినపడితే చాలు, గరిట పట్టుకునే వచ్చి నిలబడేది.

ఆ పరుగులో ఏముందని ఒకసారి అడిగాను.

"మా ఊళ్లో తుఫాను గాలికి తడి ఇసుక మీద పరిగెత్తాలే! గాలి వెనక నుంచి తోస్తుంటే కాళ్లు నేలకి ఆనవు. ఎదురు తిరిగి వస్తుంటే ఊపిరి మనం పీల్చక్కర్లేదు, అదే లోపలికి దూరుతుంది. నోరంతా ఉప్పు. ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. మనకే వినపడదు!"

చెబుతున్నంతసేపూ ఆమె పాదాలు ఉన్నచోటే కదులుతున్నాయి.

ఒక ఏడాది వేరుశనగ ఊడలు దిగే వేళకు వానలు మొహం చాటేశాయి. ఒక మధ్యాహ్నం నల్లగా మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి. అక్క పరిగెత్తింది. కాసేపటికి మబ్బు చెదిరి ఎండ కాసింది. పైరు ఎండిపోయింది.

"వానకు ఎదురురికి తరిమేసింది గదమ్మా ఈ దరిద్రం! ఇంగ మబ్బు కనపడితే దీన్ని లోపలేసి గడియ పెట్టండి," అంది అత్త.

మీకు నవ్వు రావచ్చు. ఆకాశం కేసి చూసి చూసి మెడలు నొప్పిపుట్టిన ఇంట్లో ఇలాంటివి నమ్మడం కష్టం కాదు. నేనూ నమ్మాను. గడియ పెట్టే పని చిన్నకోడలినని నాకే అప్పగించారు.

పదేళ్లకు పైగా పెట్టాను. గడియ పెట్టినా వానలు సరిగా రాలేదు, అయినా తీద్దామని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే నాకు అందులో కొంత సంతోషం ఉండేది. ఆ ఇంట్లో నా మాట చెల్లేది ఆ ఒక్క తలుపు దగ్గరే. "యాడికి పోతాండావక్కా, రా లోపలికి," అంటే మారు మాట్లాడకుండా వచ్చి కూర్చునేది. కిటికీ ఊచల మధ్య నుంచి చెయ్యి బయటపెట్టి తడుపుకునేది. అది కూడా అత్తకు చెప్పాను. అలాంటి నాకు రెండు కాన్పులకూ ఆమే చాకిరీ చేసింది. వేణ్నీళ్లు పోసింది, పథ్యం వండిపెట్టింది. ఒక్క పుల్లవిరుపు మాట అనలేదు.

అత్త పోయిన కొన్నాళ్లకు, అక్క తన అన్న కూతురి పెళ్లికి వాళ్ల ఊరికి నన్ను వెంట తీసుకెళ్లింది. పెళ్లి మరునాడు వాయుగుండం. పడవలన్నీ ఒడ్డు మీదికి లాగేశారు. "చూసొద్దాం పద," అంది. అప్పటికే మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లకు ఆమె మోకాళ్లు బిగుసుకుపోయాయి. మెట్టు ఎక్కాలన్నా గోడ పట్టుకోవాల్సిందే.

"ఇక నావల్ల కాదు. నువ్వు పరిగెత్తు, ఆ సరుగుడు తోట దాకా," అంది.

సిగ్గుపడుతూనే మొదలుపెట్టాను. ఆమె చెప్పిందంతా నిజం. ఇద్దరు పిల్లల తల్లిని, గొంతు చించుకుని కేకలు పెట్టాను. తోట దగ్గర ఆగి చూస్తే దూరంగా అక్క చెయ్యి ఊపుతోంది. పిలుస్తోందని తెలుసు. ఇంకొంచెం అనుకున్నాను. తోట దాటి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి నీళ్ల అంచున కూలబడి ఉంది. తనూ నాలుగడుగులు వేయబోయి పడిందట. లేవలేక నన్ను పిలిచిందట. నడుము దాకా తడిసిపోయింది.

"ఎలా ఉందే?" అని అడిగింది.

"శానా బాగుండాదక్కా," అన్నాను. అబద్ధం చెప్పాల్సింది.

తల ఊపింది. నేను చాచిన చెయ్యి పట్టుకోలేదు. రెండు అరచేతులూ ఇసుకలో ఊని తనంతట తనే లేవాలని చూసింది. వచ్చిన ప్రతి కెరటమూ వెనక్కి పోతూ ఆ చేతుల కింది ఇసుకను లాక్కుపోతూ ఉంది.