తలుపుల పెదనాన్న

మా పెదనాన్న బతికున్నన్నాళ్లూ మూసిన తలుపుతో రాజీ పడలేదు. కొందరికి పిల్లి పడదు, కొందరికి పొగ పడదు. ఆయనకి గడియ పడదు.

పెళ్లిళ్లు రిజిస్టరు చేసే అధికారి ఆయన. తలుపులు తీసి ఉంచి, దారినపోయేవాళ్లకి కూడా వినపడేలా జరిపిన పెళ్లే చెల్లుతుందని చట్టం. ఆ చట్టాన్ని ఆయన ఇంటికి కూడా మోసుకొచ్చారు. వంటగది, పడగ్గది, చివరికి బీరువా, అన్నీ బార్లా! స్నానాల గదికి మాత్రం మినహాయింపు దొరికింది. అదీ పెద్దమ్మ పుట్టింటికి పోతానని పెట్టె సర్దుకున్నాక.

"దొంగలు పడితే ఏం చేస్తారండీ?"

"బార్లా తీసున్న ఇంట్లోకి దొంగెందుకొస్తాడే? తనకంటే ముందే ఇంకెవడో దూరాడనుకుని పోతాడు."

ఆఫీసులో గాలికి దరఖాస్తులు లేచిపోయేవి. గుమస్తా వాటి వెంట పరిగెత్తేవాడు. ఒకసారి వీధికుక్క వచ్చి వధూవరుల మధ్య కూర్చుంటే, "అభ్యంతరమేం చెప్పట్లేదుగా, ఉండనీ" అన్నారట.

ఒకరోజు ఒక నర్సు, ఒక లారీ డ్రైవరు సాక్షుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయి మాటిమాటికీ వీధిలోకి తొంగి చూస్తోంది.

"అయ్యా, తలుపు మూయించండి. మా అన్నయ్య వస్తున్నాడు. లారీవాడికి ఇవ్వను, పెళ్లి జరగనివ్వనని ఒట్టేశాడు."

"మూస్తే పెళ్లి చెల్లదమ్మా."

"తీస్తే అసలు పెళ్లే జరగదండీ!"

"అయితే వెళ్లిపోతావా?"

"చచ్చినా వెళ్లను!"

"మరింకేం." పెదనాన్న లేచారు. ఇన్నాళ్లకి మనసు మారిందని గుమస్తా సంబరపడ్డాడు. ఆయన వెళ్లి ఓరగా ఉన్న రెండో రెక్క కూడా తీసేసి, తన మెత్తటి కుర్చీని గుమ్మం పక్కన వేసి, కిటికీలో గ్లాసుడు మంచినీళ్లు పెట్టారు.

"ఎవరికండీ?" అన్నాడు గుమస్తా.

"వచ్చేవాడికి. మూసిన తలుపు చూస్తే ఎవడికైనా తన్నబుద్ధేస్తుందయ్యా. తీసుంటే, లోపలికి రావాలా వద్దా అని వాడే ఆలోచించుకోవాలి."

అన్నగారు రానే వచ్చాడు. ఇనుము కరిగించే కార్ఖానాలో పనివాడు. తలుపు విరగ్గొట్టడానికి భుజం ముందుకు పెట్టి మెట్లెక్కాడు. విరగ్గొట్టడానికి ఏమీ లేదు. ఆ భుజాన్ని ఏం చేసుకోవాలో తోచక గుమ్మంలో నిలబడిపోయాడు.

"రా నాయనా, కూర్చో. అభ్యంతరముంటే చెప్పు, రాసుకుంటా. అతనికి ముందే పెళ్లయిందా?"

"లేదు."

"వయసు చాలదా?"

"గాడిదలా ఎదిగాడుగా!"

"చేసుకోకూడని చుట్టరికమా?"

"మాకూ వాళ్లకీ ఏ చుట్టరికమూ లేదు."

"మతి సరిగ్గా లేదా?"

"మా చెల్లిని చేసుకుంటానంటున్నాడంటే నాకూ అనుమానమే."

"మీ చెల్లికి ఇష్టం లేదా?"

"ఇష్టమేనండీ! అదే కదా నా ఏడుపు!"

"ఏడుపు గురించి చట్టంలో ఏం లేదు. మంచినీళ్లు తాగు."

తాగాడు. తాగుతూ తాగుతూ కూర్చున్నాడు కూడా. చట్టం తలుపు గురించే చెప్పింది. కుర్చీ, నీళ్లు మా పెదనాన్న సొంత చేర్పు.

"ఇతన్ని నా భర్తగా స్వీకరిస్తున్నాను" అనాలి అమ్మాయి. అన్న మీంచి చూపు తిప్పుకోలేక, పెదాలు మాత్రం కదిపింది.

"వినపడాలమ్మా. లేకపోతే చెల్లదు."

మళ్లీ గుసగుసే.

గుమ్మం దగ్గర కుర్చీ కిర్రుమంది. "గట్టిగా చెప్పవే! పొద్దస్తమానం నామీద అరిచే గొంతు ఇప్పుడేమైందీ?"

చెప్పింది. ఎదురు మేడమీద బట్టలారేసుకుంటున్నావిడ కూడా తొంగి చూసింది.