చెక్కుచెదరని తూటా తొడుగు

1994 అక్టోబరులో నన్ను బందరులో జిల్లా సాయుధ పోలీసు విభాగానికి ఆర్మరర్‌గా వేశారు. ఆయుధాలు తనిఖీ చేసి బాగుచేసే ఉద్యోగం అది. చేరిన వారంలోనే ఫైరింగు సాధనలో ఒక పాత .303 రైఫిలులో తూటాను వెనకనుంచి మూసి పట్టే బోల్టు పెచ్చు ఊడి, కానిస్టేబులు చెంప చీల్చింది.

రిజర్వు ఇన్‌స్పెక్టరుగారు అప్పటికే దోషిని తేల్చేశారు: ఆయుధాల గది చూసే హెడ్ కానిస్టేబులు ప్రకాశం. ఊరు దివిసీమలో మోపిదేవి పక్కన.

"దివిసీమలో పందుల వేటగాళ్లకి మన తూటాలిచ్చేసి, మందు ఎక్కువ కూరిన నాటు సరుకు ఇక్కడ పెట్టాడండీ. మీరు రిపోర్టివ్వండి, వెంటనే సస్పెండ్ చేసి కేసు పెడతాను" అన్నారు.

ప్రకాశం నోరు మెదపలేదు. ఆ మౌనం నాకు నచ్చలేదు. అసలే నాది అనుమానపు బుద్ధి. మా ఆవిడిచ్చిన కాఫీ కూడా వాసన చూసిగాని తాగను. అయితే ఇన్‌స్పెక్టరుగారి తొందర అంతకన్నా నచ్చలేదు.

పేలిన తూటా ఇత్తడి తొడుగు తెప్పించాను. మందు ఎక్కువైతే అడుగు ఉబ్బాలి, మధ్యలో సూది కొట్టే క్యాపు చదునవ్వాలి. రెండూ లేవు. పైగా వేలికి జిడ్డు తగిలింది. మిగతా రైఫిళ్ల ఛాంబర్లలో, అంటే తూటా కూర్చునే గదుల్లో, తెల్లగుడ్డ తిప్పి వాసన చూశాను. కొబ్బరినూనె!

"ఎవరయ్యా రాసింది?" అని ప్రకాశాన్ని అడిగాను.

"ఆయుధపూజకి నేనే రాయించానండీ. తళతళలాడాలి కదా! దానికీ దీనికీ ఏంటండీ సంబంధం?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

సంబంధం ఉంది. పేలినప్పుడు ఒత్తిడికి తొడుగు ఉబ్బి ఛాంబరు గోడను బిగబట్టుకుంటుంది. వెనక్కి తన్నే బలంలో కొంత ఆ పట్టే ఆపుతుంది. మిగిలింది బోల్టు మీద పడుతుంది. నూనె ఉంటే, జిడ్డుచేత్తో సీసా మూత తిప్పినట్టే, పట్టు జారుతుంది. భారమంతా బోల్టుదే. విరిగినచోట సగం మేర తుప్పు పట్టిన పాత బీట కనిపించింది. ఆ అదనపు తాకిడికి అది ఆగలేదు.

ఇన్‌స్పెక్టరుగారి ముఖం మాడిపోయింది. కొబ్బరినూనె మాట లేకుండా రాయమన్నారు. మొదటి వాక్యంలోనే రాశాను.

ప్రకాశం ఉద్యోగం నిలిచింది. "ముందే నోరు విప్పొచ్చుగా?" అని కసిరాను.

"నేను తూటాలు మార్చలేదంటే మీరు నమ్మేవారా అండీ?"

"నమ్మేవాణ్ణి కాదు" అన్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, తొడుగు చూడకముందు ఎవరి పేరూ నా చెవిన వేయనివ్వలేదు.