హయోలిత్‌ను నత్త అంటే ఊరుకోరు

మా నతానియేల్ మాస్టారు తనను తిట్టినా ఊరుకునేవారు, ప్రమోషన్ ఎగ్గొట్టినా ఊరుకునేవారు. హయోలిత్‌ను నత్త అంటే మాత్రం ఒంటికాలి మీద లేచేవారు.

హయోలిత్ అంటే యాభై కోట్ల ఏళ్ళ కిందటే సముద్రం అడుగున బతికిన వేలెడంత జీవి. కొనదేలిన గుల్ల, దాని నోటికి మూత, పక్కలకు చెరో వంకర కాడ. వంశమంతా ఎప్పుడో అంతరించి, రాళ్ళలో ముద్రలు మిగిలాయి. అది నత్తలకు చుట్టమా కాదా అని పండితులే తన్నుకుంటున్నారు. ఆ తగువులో మాస్టారు బెంగళూరు నుంచి పాల్గొనేవారు, చాలా గట్టిగా.

తొంభైల్లో ఆయన దగ్గరే జియాలజీ చదివాను. వైవాలో మా క్లాసు రామాంజనేయులు "ఒక రకం నత్త సార్" అన్నాడు.

"నత్తా? నత్తకు పక్కన ఊతకర్రలు ఉండాయేమప్పా?"

ఆ కేకకు కింద కెమిస్ట్రీ ల్యాబులో గాజు గొట్టాలు పగిలాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పోనీ ఆయన్ను సంతోషపెడదామని ఒక పెళ్ళి విందులో ఐస్‌క్రీమ్ కోన్ చూపించి, "అచ్చం హయోలితే కదా సార్" అన్నాను.

"మూత యాడుండాది?"

"లేదు సార్."

"కొన కనబడితే చాలునా? అట్లయితే నీ ముక్కు కూడా హయోలితేనా?"

వంట బాగాలేదేమోనని పెళ్ళికూతురి తండ్రి పరుగున వచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు.

2003లో నేను బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. అక్కడి హాల్లో విదేశీ ఎర్ర సున్నపురాయి పరిచారు. అందులో నిజమైన హయోలిత్‌లు కనబడితే, రిటైరైన మాస్టారిని పిలిచాను. అంతే, రోజూ వచ్చి నేల మీద బోర్లా పడుకుని, భూతద్దంతో చూస్తూ, దాటిపోయే ప్రతి బూటునూ తిట్టేవారు.

ఒక ఉదయం హాలు ఊడ్చే పుల్లమ్మ చేతిలోంచి బాత్రూమ్ యాసిడ్ సీసా మా కళ్ళ ముందే జారింది. రాయి మీద కొనదేలిన తెల్లమచ్చ పడింది. ఎంత తుడిచినా పోలేదు. ఇంతలో మేనేజర్ అచ్యుత్ వచ్చాడు.

"యాసిడ్ పోసి ఫ్లోర్ స్పాయిల్ చేశావా? రేపట్నుంచి రావద్దు!"

పుల్లమ్మది కదిరి. మొగుడు కట్టడం మీంచి పడి మంచం పట్టాక ఇల్లు ఈ పని మీదే నడుస్తోంది. రాయికి మచ్చ పడితే మనిషి కూడు తీసేస్తాడా అని నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే నేల మీంచి గర్జన వినిపించింది.

"ఎవడ్రా దీన్ని మచ్చ అనింది? హయోలిత్!"

అచ్యుత్ బిత్తరపోయాడు. నేను అంతకంటే.

రోజూ మాస్టారి హయోలిత్ పాఠం విన్నవాడే కాబట్టి అచ్యుత్ వంగి చూసి అడిగాడు. "మరి మూతేది సార్?"

"ఊడిపోయింది!"

"పక్క కాడలు?"

"అవీ ఊడిపోయినాయి! యాభై కోట్ల ఏండ్లు పండుకుంటే నీవి ఉంటాయా?"

మాస్టారి మొహం కందగడ్డ అయింది. అంత కోపంగా మాట్లాడే మనిషి అబద్ధమాడతాడని ఎవరికి తోస్తుంది? అచ్యుత్ పుల్లమ్మకు సారీ చెప్పి, మచ్చ చుట్టూ ఎర్రతాడు కట్టించి, దాన్ని చూసుకునే పని ఆమెకే అప్పగించాడు.

బయట టీ బంకు దగ్గర మాస్టారు ఇంకా మండిపడుతూనే ఉన్నారు. "జన్మలో ఒక రాయికి తప్పు పేరు పెట్టలేదు. ఆ యెదవ నా నోట అబద్ధం పలికించినాడప్పా!" అచ్యుత్‌ను వారమంతా తిట్టారు. పుల్లమ్మ ఊసు మాత్రం ఎత్తలేదు.

తర్వాత ఒక సాయంత్రం ఎవరో ఇంజనీరు ఫోన్లో మాట్లాడుతూ తాడు దాటి కాలు పెట్టబోయాడు.

"ఓ అప్పా! కండ్లు కనబడవా? పాతకాలం జీవం ఉండాది, పక్కన నడువు!" అని పుల్లమ్మ కేక వేసింది.

అతను అదిరిపడి పక్కకు గెంతాడు, సరిగ్గా అసలు హయోలిత్ మీదికి. మాస్టారు అరవడానికి నోరు తెరిచారు. వెలిగిపోతున్న పుల్లమ్మ మొహం చూసి మూసుకున్నారు.

"బాగా చెప్పినావమ్మా" అన్నారు పళ్ళు కొరుకుతూ.