సుక్రా కాలికి బీమా లేదు

టైడా స్టేషనులో విదేశీ యాత్రికుల గుంపు దిగగానే సుక్రా ముందుగా వాళ్ల కాళ్లకేసి చూసేవాడు. అడుగు తడబడేవాళ్లకు వెదురుకర్ర కోసి, చేతికి గుచ్చుకోకుండా కణుపులు చెక్కి ఇచ్చేవాడు. ఆ తర్వాత వాళ్ల సంచులు కావిడికెత్తుకుని ఉత్తకాళ్లతో కొండెక్కేవాడు. ప్రతి యాత్రికుడికీ బీమా ఉండి తీరాలని టూరు కంపెనీ నిబంధన. ఆ కాగితాల పెట్టెను మోసేదీ అతడే. 2004 డిసెంబరులో వాగు దగ్గర ఒక ముసలి దొరసాని కాలుజారింది. సుక్రా అడ్డంపడి ఆపాడు. ఆమె మోచెయ్యి గీరుకుపోయింది. అతడి కాలు విరిగింది. బీమా తరఫున జీపు వచ్చింది. అతడినీ ఎక్కించమని ఆమె ఏడుస్తూ సైగలు చేసింది.

"ఈ బండి పాలసీ ఉన్నోళ్లకే సుక్రా. నీకేటుంది, కావిడి తప్ప!" అన్నాడు కంపెనీ గైడు జగదీష్.

"నాకేటీ అవనేదు బాబూ. అమ్మని బేగి తీసుకెళ్లండి."

సుక్రాను ఊరివాళ్లు డోలీలో మోసుకెళ్లారు. కాలు వంకరగా అతుక్కుంది. ఇక కావిడి ఎత్తలేడు. నెల తర్వాత జగదీష్ ఒక రొట్టె, ఒక కాగితం పట్టుకొచ్చాడు. సుక్రా తన తప్పువల్లే పడ్డాడనీ, కంపెనీకి బాధ్యత లేదనీ అందులో ఉంది.

"వేలేసెయ్యి. కూకుని సేసే పనేదైనా సూత్తాం."

సుక్రా వేలిముద్ర వేశాడు. సిరా లుంగీకి తుడుచుకుంటూ అడిగాడు:

"ఆ యమ్మ సెయ్యి మానిందా బాబూ?"