చలికాలంలో తిరిగొచ్చిన చార్జర్లు

1976 డిసెంబరు. గోదావరిఖనిలో ఒక చిన్న రేకుల షెడ్డులో మేము చార్జర్లు తయారు చేసేవాళ్ళం. బొగ్గు గనిలోకి దిగే కార్మికుడు టోపీకి దీపం పెట్టుకుని, దాని బ్యాటరీని నడుముకు కట్టుకుంటాడు. షిఫ్టు అయ్యాక లాంప్ రూములో ఆ బ్యాటరీని మా చార్జర్‌కు తగిలిస్తారు. నాది రిపేరు బల్ల. తిరిగొచ్చిన ప్రతి చార్జర్ ముందుగా నా దగ్గరికే వచ్చేది.

ఆ నెలలో వచ్చినవాటన్నిటిదీ ఒకటే ఫిర్యాదు. బ్యాటరీ పూర్తిగా నిండడం లేదు, షిఫ్టు మధ్యలోనే దీపం మసకబారుతోంది. కొలిస్తే అన్నింటిలోనూ వోల్టేజీ తక్కువే. చార్జర్ లోపల జీనర్ డయోడ్ అని చిన్న గాజు భాగం ఉంటుంది. కరెంటు సరఫరా హెచ్చుతగ్గులైనా అది తన వోల్టేజీని నిలబెట్టుకుంటుంది. మిగతా సర్క్యూట్ అంతా దాన్ని చూసే నడుస్తుంది. సోల్డరింగ్‌లో, అంటే కాల్చిన ఐరన్‌తో సీసం కరిగించి అతికేటప్పుడు, వేడి ఎక్కువ తగిలితే అది చెడిపోతుంది.

ఆ జీనర్ అతికే పని మరియమ్మది. ఆమె దసరా తర్వాత చేరింది. చార్జర్లు తిరిగి రావడం కూడా ఆ తర్వాతే మొదలైంది. ఇంకేం కావాలి? సోమవారం నుంచి రావద్దని మేనేజరు ఆమెతో చెప్పేశాడు.

"అక్కా, నేను ఐరన్ ఇట్ల పెట్టుడు, అట్ల తీసుడు అంతే. వేడి లోపలికి పోకుంట పట్టకారుతోటి జీనర్ తీగె పట్టుకునే అతుకుత," అంది మరియమ్మ. "మా ఆయన కాలు విరిగి దవాఖానల ఉన్నడు. ఇంట్ల నాదొక్కదే జీతం."

భూతద్దం పెట్టి ఆమె అతుకులు చూశాను. చిన్నగా, మెరుస్తూ, నేను చేసినంత శుభ్రంగా ఉన్నాయి. ఆమె బతిమాలినందుకు కాదు, ఆ అతుకులు చూసి నమ్మాను.

ఒక చార్జర్ తీసుకుని టెస్టింగ్ బల్ల దగ్గరికి వెళ్ళాను. అక్కడ రాజయ్య కాక ప్రతి చార్జర్‌లో చిన్న స్క్రూ తిప్పి, మీటరు ముల్లు గీత మీదికి వచ్చాక పంపేవాడు. నేనిచ్చిన దాన్ని పక్కన పెట్టి, చేతిలో పని ముగించుకుని కొలిచాడు.

"ఏంది బిడ్డా, గీత మీదనే ఉన్నది గదా. కండ్లద్దాలు మార్చుకోరాదా!"

షెడ్డంతా నవ్వింది.

"అద్దాలు కాదు కాకా, మీటర్లు మార్చుకుందాం."

మార్చుకున్నాం. అయినా అంతే. నా బల్ల మీద తక్కువ, ఆయన బల్ల మీద సరిగ్గా. మీటర్ల తప్పు కాదని తేలింది. అక్కడే నిలబడి ఆలోచిస్తుంటే నా పాదాలకు వెచ్చగా తగిలింది. వంగి చూశాను. బల్ల కింద బొగ్గుల కుంపటి ఉంది. మా ఊళ్ళో బొగ్గుకు కొదవేముంది! మోకాళ్ళ నొప్పుల మనిషి, చలి మొదలవగానే రాజేసుకున్నాడు. టెస్టుకు వచ్చిన చార్జర్లన్నీ దాని పక్కనే పేర్చి ఉన్నాయి.

అందరినీ పిలిచి, చల్లారిన చార్జర్ ఒకటి మీటరుకు తగిలించాను. వేడి సోల్డరింగ్ ఐరన్‌ను తాకించకుండా జీనర్ దగ్గరికి తెచ్చాను. ముల్లు పైకి జరిగింది. ఐరన్ తీసి విసనకర్రతో విసిరితే మెల్లగా కిందికి దిగింది. మేము వాడిన తొమ్మిది వోల్టుల జీనర్ వేడెక్కితే దాని వోల్టేజీ కొద్దిగా పెరుగుతుంది. కాక ఆ పెరిగిన వోల్టేజీకి స్క్రూ సరిచేస్తున్నాడు. చల్లటి లాంప్ రూముకు వెళ్ళేసరికి అది పడిపోతోంది.

"గట్లయితే తప్పు నా మోకాళ్ళదేనా?" అన్నాడు కాక.

"మోకాళ్ళను ఏమనకు కాకా, కుంపటిని అను."

ఆయనే లేచి మేనేజరు దగ్గరికి నడిచాడు. "సారూ, ఆ పిల్లను పంపుడెందుకు? నా కుంపటిని బయటికి పంపున్రి."

తిరిగొచ్చిన చార్జర్లు చల్లారాక మళ్ళీ సరిచేశాం. ఒక్క జీనర్ కూడా మార్చలేదు. మళ్ళీ తిరిగొస్తే మరియమ్మ వెళ్ళిపోవాల్సిందేనని మేనేజరు షరతు పెట్టాడు. ఆ చలికాలమంతా ఆ ఫిర్యాదుతో ఒక్కటి కూడా రాలేదు. మరియమ్మ తన బల్ల దగ్గరే ఉంది.

ఆ తర్వాత ఎన్నో కష్టమైన రిపేర్లు చేశాను. అయినా నేను గర్వంగా చెప్పుకునేది దీన్నే. ఒకే వస్తువు రెండు చోట్ల రెండు కొలతలు చూపిస్తే, దాన్ని చేసిన చేతిని అనుమానించే ముందు కొలిచిన చోటును పరీక్షించాలి. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ మొదటి రోజు చెప్పిన మాట ఇదే.