స్కోప్ చూసి రమ్మన్నారు

అమీర్‌పేటలో నాకొక పేరుంది. మంచి పేరని చెప్పను. సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో రెజ్యూమెలు తయారుచేసే బల్ల నాది. ఇప్పటిదాకా ఒక్క ఆఫీసు మెట్టయినా ఎక్కని మనిషి వచ్చి నా ముందు కూర్చుంటే, లేచేసరికి మూడేళ్ల అనుభవంతో లేస్తాడు. కంపెనీని నేనే పుట్టిస్తాను, ప్రాజెక్టునూ నేనే పుట్టిస్తాను, ఆ ప్రాజెక్టులో వాడు పడ్డ కష్టాలు కూడా వాడి బదులు నేనే పడతాను. పదకొండేళ్లుగా ఇదే పని. అందుకని మా ఇంట్లో చదువుల సంగతి ఏదొచ్చినా పెద్దమనిషిని నేనే.

మా అన్నకు బల్కంపేటలో మోటర్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన నీళ్ల మోటర్లకు కొత్త తీగ చుట్టి ఇస్తాడు. ఆయన కూతురు ఇంటర్ పాసైంది. ఇంజనీరింగ్ చేయనంది. పంజాగుట్టలో క్రైస్తవ సిస్టర్లు నడిపే ఒక చిన్న డిగ్రీ కాలేజీలో బీఏ చదువుతానని పట్టుబట్టింది. సాహిత్యం, చరిత్ర, సైకాలజీ. ఆ మూడు మాటలు వినగానే మా అన్న, కూతురు ఎవరో ముగ్గురు మగపిల్లల పేర్లు చెప్పినట్టు అదిరిపడ్డాడు. వారం రోజులు ఇంట్లో ఎవరితో ఎవరికీ మాటల్లేవు. చివరికి తీర్పు నా మీద పెట్టాడు.

"నువ్వే పోయి చూసి రారా. స్కోప్ ఉన్నదంటే చేర్పిద్దాం. లేదంటే గా కంప్యూటర్ సీటే. మల్ల మాట్లాడేది లేదు."

అలా ఆ పిల్ల చదువు నా నోటి మీద ఆధారపడింది. నా నోటి సంగతి పైనే చెప్పాను.

దరఖాస్తులో ఒక పేజీ ఖాళీగా వదిలారు. పైన 'నీ గురించి నీ మాటల్లో రాయి' అని ఉంది. ఖాళీ పేజీ కనబడితే నా చెయ్యి ఊరుకోదు. పిల్ల తల దువ్వుకుని వచ్చేలోపు నింపేసి, కవర్‌లో పెట్టి అంటించేశాను.

"ఏం రాసినవ్ బాబాయ్?"

"అంతా మంచిదే రాసిన. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆ పొద్దున పిల్ల సీటు కోసం ఎల్లమ్మకు మొక్కి మరీ వచ్చాను. కాలేజీ గేటు దగ్గరికి రాగానే లోపల మేరీమాత విగ్రహం కనబడింది. గబగబా రుమాలు తీసి నుదుటి కుంకుమ రుద్ది రుద్ది తుడిచాను. పిల్లను కూడా బొట్టు తీయమన్నాను. తీయనంది. గేటు తెరిచిన వాచ్‌మన్ నుదుట నాకంటే పెద్ద బొట్టుంది.

లోపల చూస్తే నాకు అనుమానాలే. మా అమీర్‌పేటలో బిల్డింగుకు గోడలు కనబడవు, అన్నీ బోర్డులే. ఇక్కడ గోడ మీద నవ్వే ర్యాంకర్ ఫొటో ఒక్కటీ లేదు. ఈ కాలేజీలో ఎవరూ పాసవరేమో అనుకున్నాను. ఒక గదిలో ఇరవైమంది అమ్మాయిలు టీచరుతో వాదిస్తున్నారు. టీచరు గెలవాలని కూడా చూడడం లేదు, సంతోషంగా వింటోంది. మా పిల్ల ఆ కిటికీ దగ్గర ఆగిపోయింది. చెయ్యి పట్టి లాక్కుపోవాల్సి వచ్చింది.

ప్రిన్సిపల్ సిస్టర్‌ది గుంటూరు వైపు మాట. సన్నగా, పొట్టిగా ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"అయ్యో, నుదుటికి దెబ్బ తగిలిందా అండీ? ఎర్రగా కందిపోయింది."

"మెట్రోలో తగిలింది సిస్టర్" అన్నాను. పక్కన పిల్ల నేల చూపులు చూసింది.

సిస్టర్ కవర్ చించి నా పేజీ చదివింది. చదువుతూ కళ్లజోడు రెండుసార్లు సర్దుకుంది.

"రెండేళ్లుగా బస్తీ పిల్లలకు సాయంత్రం బడి నడిపావా అమ్మా? నలుగురు వాలంటీర్లకు టీమ్ లీడ్‌గా ఉన్నావా?"

పిల్ల నావైపు తిరిగింది. నేను గోడ మీద సిలువ వైపు తిరిగాను.

"చాలా బావుంది. ఆ పిల్లల్లో ఒక్కరి గురించి చెప్పు. ఎవరైనా సరే."

ఇలాంటి ప్రశ్నకు మా ఇన్‌స్టిట్యూట్‌లో జవాబు ఉంది. వెంటనే అందుకున్నాను. "పిల్లల వివరాలు బయట చెప్పగూడదు సిస్టర్. కాన్ఫిడెన్షియల్."

"నువ్వు జర ఊకో బాబాయ్" అంది పిల్ల. "నేను ఎవ్వరికీ చదువు చెప్పలే సిస్టర్. అది నేను రాయలే. మా బాబాయ్ రాసిండు."

పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు ఈ పిల్ల నన్ను వెంటబెట్టుకుని వచ్చింది. సీటు పోయినట్టే, పోగొట్టింది నేనే. పదకొండేళ్లలో నేను రాసిన కాగితం చేతికిచ్చాక ఎవరూ నా ముందు నిజం చెప్పలేదు. నాకు అంత సిగ్గేసింది కూడా అదే మొదలు.

సిస్టర్ కోప్పడలేదు. ఆ కాగితాన్నే తిరగేసి, తెల్లగా ఉన్న రెండో వైపు చూపించింది. "అయితే నువ్వే రాయమ్మా. లైబ్రరీలో కూర్చుని రా. తొందరేం లేదు."

గంటసేపు వరండా బెంచీ మీద కూర్చున్నాను. ఆఫీసు నుంచి మూడు ఫోన్లు వచ్చాయి. ఎవరికో రేపు ఇంటర్వ్యూ ఉందట, ఇవాళే రెండేళ్ల అనుభవం కావాలట. ఎత్తలేదు.

పిల్ల రాసుకొచ్చింది వాళ్ల నాన్న షాపు గురించి. నా పేజీలో అది 'కుటుంబ ఆధ్వర్యంలో నడిచే ఎలక్ట్రో మెకానికల్ సంస్థ'. పిల్ల పేజీలో అది షట్టరున్న గది. బడి అయ్యాక అక్కడ కూర్చుని హోంవర్క్ చేసుకునేదట. కాలిన మోటర్ తెచ్చిన ప్రతి మనిషీ దానితోపాటు ఒక కథ తెచ్చేవాడట. కరెంటోళ్ల తప్పు, కిరాయిదారు తప్పు, పెళ్లాం తప్పు. 'మోటర్ నా తప్పుతోనే కాలింది అన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మనుషులు ఎందుకట్ల చెప్తరో తెలుసుకోవాలని ఉంది' అని రాసింది.

సిస్టర్ ఆ ముక్క పైకి చదివి, ఇంకోసారి లోపల చదువుకుంది. ఆ షాపులో నేను పాతికేళ్లు చాయ్ తాగాను. ఒక్క కథా నా చెవిన పడలేదు.

"సీటు ఇస్తున్నాను. రేపు సాయంత్రంలోగా మీ నాన్నగారు వచ్చి సంతకం పెట్టాలి" అంది సిస్టర్. పిల్ల ముఖం వెలిగిపోయింది.

నేను వచ్చిన పని ఇంకా మిగిలే ఉంది. "ప్లేస్‌మెంట్ ఎంత శాతం సిస్టర్?"

"ఉద్యోగాలు వచ్చినవాళ్లున్నారు, రానివాళ్లూ ఉన్నారు. హామీ మాత్రం ఇవ్వలేనండీ."

అమీర్‌పేటకు ఇంత దగ్గర్లో అలాంటి మాట అనే మనిషి ఉంటుందని నేను అనుకోలేదు. గౌరవం కలిగింది, భయం కూడా వేసింది. ఆ మాట మా అన్నతో చెబితే సంతకం ఉండదు.

మెట్రో స్టేషన్ మెట్ల కింద నిలబడి ఫోన్ చేశాను. రోడ్డు చప్పుడుకు వినబడక స్పీకర్ పెట్టాను.

"ఏమైందిరా? స్కోప్ ఉన్నదా?"

పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. బుద్ధి రావాల్సిన సమయమే. రాలేదు.

"మస్తుగున్నదన్నా! వంద శాతం ప్లేస్‌మెంట్. కంపెనీలోళ్లు గేటు కాడ నిలవడ్డరు."

పిల్ల ఫోన్ లాక్కుంది. "డాడీ, గది అబద్ధం. ఉద్యోగం గ్యారంటీ ఏం లేదు. సిస్టరే చెప్పింది. అయినా నేను ఈడనే చదువుకుంట."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"మరి మీ బాబాయ్ అబద్ధమెందుకు ఆడిండు?"

"నన్ను ఈడ చేర్పియ్యాలని."

"వాడా? పైసలు తీస్కోకుంటనా?"

"ఆఁ. ఊకెనే ఆడిండు."

"అయితే మంచి కాలేజే అయ్యుంటది" అన్నాడు మా అన్న. "రేపు షాపు బంద్ వెట్టి వస్త. సంతకం ఏడ వెట్టాల్నో అడిగి పెట్టు."

నా గురించి మా అన్న చెప్పిన మంచిమాట ఇప్పటికీ అదొక్కటే.