పన్నెండు కాయలు

బరువు తగ్గాలని, తిన్న ప్రతిదాని క్యాలరీలూ చిన్న పుస్తకంలో రాసుకునే రోజులవి. హిందూపురంలో ధర్మవరం ప్యాసింజరు ఎక్కాను. పక్కనున్న అవ్వ ఉడికించిన వేరుశనక్కాయలు దోసెడు నా ఒళ్లో పోసింది. పన్నెండు లెక్కపెట్టి ఉంచుకుని, మిగతావి తిరిగిచ్చేసి, పుస్తకం తీశాను.

"ఏం రాస్తాండావు పాపా?"

"ఎన్ని తింటున్నానో రాసుకుంటున్నా అవ్వా."

అవ్వ నవ్వలేదు. "ఇత్తనాలకు కాయలు ఒలిచేటప్పుడు మేము యాడ తినేస్తామో అని చేను గలాయన మాతో పాటలు పాడిస్తాడు, పాడే నోరు నమలలేదు గదా. నీతో ఎవురు పాడిస్తాండారు?"

పన్నెండని రాసుకుని, ఒక్కొక్కటే ఒలుచుకు తిన్నాను. పెనుకొండలో ఆమె దిగిపోయింది.

ఆ ఏడాది బరువు తగ్గాను. అందరూ బాగున్నావన్నారు, నాకూ బాగానే అనిపించింది. ఆ కాయలు ఉప్పగా ఉన్నాయో చప్పగా ఉన్నాయో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తురాదు. పన్నెండని గుర్తుంది.